రంగం వెళ్ళినవారి మునిమనుమల కోసం

శ్రీకాకుళం లోక్‌సభ సభ్యులు, కేంద్ర మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,



'మా తాత రంగం (రంగూన్) వెళ్ళాడు' అనే ఇళ్ళు మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. కరువొస్తే కళింగపట్నంలోనో భీమునిపట్నంలోనో ఓడెక్కి, మేస్త్రీ చేతికింద బర్మా (నేటి మయన్మార్)లోని రంగూన్ రేవులో బస్తాలు మోసినవారు వీళ్ళు. 1942లో జపాను దాడికి అడవిదారిన నడిచొచ్చినవారి గురించీ, 1964లో దుకాణాలు జాతీయం చేశాక ఉత్తచేతులతో దిగినవారి గురించీ మనం విన్నాం. రాకుండా అక్కడే ఉండిపోయినవారి గోడు మాత్రం ఎవరికీ పట్టలేదు.

వాళ్ళకు 1982 బర్మా పౌరసత్వ చట్టం పెట్టిన పరీక్ష చిన్నది కాదు. 1823కు ముందే స్థిరపడ్డ జాతులనే అది సొంతజనంగా లెక్కకట్టింది. మిగతావారిలో చాలామంది, 1948 జనవరి 4కు ముందే తమవాళ్ళు అక్కడున్నారని తిరుగులేని ఆధారం చూపాలి. అక్కడి జాతీయ భాష ఒకటి బాగా మాట్లాడాలి. అక్కడే పుట్టిపెరిగినవారికి భాష కష్టం కాదు, కాగితమే కష్టం. ఓడ డెక్కు మీద వెళ్ళిన కూలీకి పాస్‌పోర్టు ఎక్కడిది? అతని పేరు ఎక్కితే మేస్త్రీ బాకీ పద్దులో ఎక్కి ఉంటుంది. అప్పు తీరాక ఆ పుస్తకం దాచేదెవరు?

పోనీ, మన దేశం ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఇస్తుందా అంటే ఇక్కడా కాగితమే అడుగుతారు. పైగా చట్టం మామూలుగా మునిమనుమలతోనే ఆగిపోతుంది. కానీ 2023లో సురినామ్‌కు ఆరో తరం దాకా, 2024లో మారిషస్‌కు ఏడో తరం దాకా, 2025లో ట్రినిడాడ్‌కు ఆరో తరం దాకా మన ప్రభుత్వమే సడలింపు ప్రకటించింది. ఆ న్యాయం బర్మా తెలుగువారికి ఎందుకు వర్తించకూడదు? 2021 సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడి బతుకు మరీ గడ్డుగా మారింది.

మయన్మార్ రెండో పౌరసత్వాన్ని ఒప్పుకోదు, నిజమే. ఓసీఐ పౌరసత్వం కాదు, ఓటు హక్కూ రాదు. జీవితకాల వీసా లాంటిది. ఆ సంగతి అక్కడి ప్రభుత్వానికి చెప్పి, కార్డు తీసుకున్నవారికి చిక్కు రాకుండా చూడాల్సింది మన విదేశాంగ శాఖ.

ఆధారం విషయంలోనూ కొంత దారి ఇవ్వాలి. ముత్తాత ఊరు, ఇంటిపేరు, గ్రామదేవత చెప్పగలిగినవారి మాటను తహసీల్దారు ఊళ్ళో విచారించి, పాత అడంగళ్ళతో సరిచూసి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేయించండి. మన పల్లెల్లో పెద్దవాళ్ళు పోకముందే ఇది జరగాలి.

ఇది మీ శాఖ కాదని తెలుసు. కానీ వాళ్ళు ఓడెక్కిన కళింగపట్నం మీ నియోజకవర్గంలోనే ఉంది. దయచేసి ఈ విన్నపాన్ని హోం మంత్రి గారి ముందుంచండి.

ఇట్లు,
శ్రీకాకుళం నుంచి ఒక ఓటరు