మాంధాత మా మెట్టవాడు
(పురావస్తు శాఖకు బహిరంగ లేఖ)

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ కమిషనర్ గారికి,



సముద్రపొడ్డున ఒక విహార పట్టణంలో జరిగిన చిత్రకళా ప్రదర్శన కరపత్రం ఈమధ్య నా చేతికొచ్చింది. అట్ట నిండా ఒకే బొమ్మ. తలపైన గొడుగు, ఎత్తిన చెయ్యి, మబ్బుల్లోంచి నలుపలకల నాణేల వాన, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి, మంత్రి. కింద ‘అమరావతి శిల్పం’ అని అచ్చువేశారు. అది అమరావతిది కాదండీ. జగ్గయ్యపేటది. మా ధనంబోడు బౌద్ధ స్తూపం మీది మాంధాత చక్రవర్తి పలక. ఆ మాటే ఫోనుచేసి చెబితే, ‘రెండూ ఒకటేగా మాస్టారూ’ అన్నాడు నిర్వాహకుడు.

ఆ ప్రదర్శన మీరు పెట్టింది కాదు, ఆ తప్పు మీది కాదు. అయినా మీకే రాస్తున్నాను. ‘రెండూ ఒకటే’ అని ఒక చిత్రకళా ప్రదర్శన నిర్వాహకుడు అంత తేలిగ్గా అనగలిగాడంటే, కాదని అతనికి చూపించగల చోటు ఈ రాష్ట్రంలో ఎక్కడుంది?

1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ వచ్చి ఆ బోడు తవ్వించాడు. 1887లో వేసిన పుస్తకానికి అమరావతి, జగ్గయ్యపేట అని రెండు పేర్లూ పెట్టాడు. అతనికి తెలిసిన తేడా మనకు తెలియకపోవడం ఏమిటి? ఆ పలక మద్రాసు చేరింది, నేటికీ ఎగ్మూరు మ్యూజియంలోనే ఉంది. మా పిల్లవాడు తన ఊరి బొమ్మను చూడాలంటే దాదాపు ఐదువందల కిలోమీటర్లు ప్రయాణం చెయ్యాలి. రైలు ఛార్జీలు పెట్టుకుని ఎంతమంది వెళ్తారు?

నేను నందిగామలో డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. గీత అంటే ఏమిటో పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ మాంధాత ఫొటోనే చూపేవాణ్ణి. చెక్కడంలో లోతు తక్కువ, గీతకే పట్టు ఎక్కువ. ఒక్కొక్క మనిషీ విడిగా, నిటారుగా, సన్నగా నిలబడతాడు. మధ్యలో ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ కూడా బొమ్మలో భాగమే. అమరావతి తర్వాతి కాలపు పలకల్లో ఒళ్లు వంపులు తిరుగుతాయి, జనం కిక్కిరిసి ఉంటారు, లోతు పెరుగుతుంది. అదీ గొప్పదే, కాదనను. కానీ క్రీస్తుపూర్వపు ఈ చేతికీ ఆ చేతికీ మధ్య రెండు మూడు వందల ఏళ్ల సాధన ఉంది. రెంటినీ ఒకటే అంటే కృష్ణా తీరపు శిల్పం ఎలా ఎదిగిందో ఆ కథే చెరిగిపోతుంది.

చెయ్యెత్తి ధనం కురిపించి, ఇంద్రుడి అర్ధసింహాసనం దక్కినా చాలక కిందపడ్డ మాంధాత కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ సిద్ధార్థుడనే ఒకాయన సంగతి ఒకసారి గుర్తుచేయనివ్వండి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అదే స్తూపం తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టినవాడు. రాజూ కాదు, సెట్టీ కాదు. నాకచందుడనే పనివాడి కొడుకు, తానూ పనివాడే. ఆ స్తంభాల శాసనంలో తల్లి నాగిలని పేరు, భార్య సముదని పేరు, పిల్లల పేర్లు, సోదరుడి కుటుంబం పేర్లు అన్నీ చెక్కించాడు. తన సొంత ఊరు ఏదో, స్తంభాలు నిలబెట్టిన వెలగిరి ఏదో కూడా విడిచిపెట్టలేదు. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక చేతిపనివాడు తన పని కింద ఊరి పేరు ఉండి తీరాలనుకున్నాడు. అదే స్తూపం పలకకు ఈనాడు మనం వేరే ఊరి పేరు తగిలిస్తున్నాం. మీకు కోపం రాదా?

ఇంకా ఎవరిని అడగాలి? బోడు కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది. పలకలు తమిళనాడు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. మేము మీ రాష్ట్రంలో ఉన్నాం. ముగ్గురిలో ఎవరి దగ్గరికి వెళ్లినా మిగతా ఇద్దరి వైపు చెయ్యి చూపిస్తారు. 2022లో మమ్మల్ని కృష్ణా జిల్లా నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపారు, సరే అన్నాం. పెడనకు కలంకారీ ఉంది, కొండపల్లికి బొమ్మ ఉంది, బెజవాడలో బాపు మ్యూజియం ఉంది. విశాఖలో బీచ్ రోడ్డు మీద మ్యూజియం, యూనివర్సిటీలో చిత్రకళ చదువు ఉన్నాయి. ఉండాలి, ఇంకా పెరగాలి. మా మెట్ట ప్రాంతానికేముంది? మా సున్నపురాయి సిమెంటుకు పనికొస్తోంది. పల్నాటి రాయిగా పేరుపడ్డ అలాంటి రాతి మీదే మాంధాతను చెక్కారన్న సంగతి లారీ తోలే కుర్రాడికి ఎవరు చెప్పారు? ఫ్లెక్సీలొచ్చాక బోర్డులు రాసే ఆర్టిస్టులు కుంచెలు పక్కన పెట్టేశారు. జగ్గయ్యపేటలో గానీ నందిగామలో గానీ బాగా గీసే పిల్ల నాలుగు బొమ్మలు వేలాడదీసుకోవాలంటే ఏ గోడ ఉంది? పెళ్లిళ్ల సీజను కాకపోతే ఏదో ఒక కల్యాణమండపం దొరుకుతుంది. అదా మా గ్యాలరీ?

బేతవోలుకు తండ్రి జగ్గన్న పేరు మీద జగ్గయ్యపేట అని పేరు పెట్టినవాడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. అమరావతిలో ఊరు కట్టిస్తూ అక్కడి దిబ్బ తవ్వించినవాడూ ఆయనే. రెండు ఊళ్లకూ బంధుత్వం ఉంది, ఆ బంధుత్వమంటే మాకు గౌరవమే. దాని పేరుతో ఒక ఊరిని ఇంకో ఊరిలో కలిపేయడమే మాకు ఒప్పుదల కాదు.

అసలు పలకే తెచ్చి ఇమ్మని మొండిపట్టు పట్టడం లేదు. తెస్తే మంచిదే. లేదంటే అచ్చు పోసిన నకలు కావచ్చు, పెద్ద ఫొటోలు కావచ్చు, ఒక గది కావచ్చు, పక్క గోడ మా పిల్లల బొమ్మలకు కావచ్చు. ఏది సాధ్యమో మీకే బాగా తెలుసు. ఏదో ఒకటి చెయ్యండి. ఈలోగా మీ శాఖ పేరుతో ఎక్కడ ఆ బొమ్మ అచ్చయినా కింద జగ్గయ్యపేట అని ఉండాలి. దానికి నిధులు అక్కర్లేదు కదా?

జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఒక డ్రాయింగు మాస్టారు,
నందిగామ