సుఖవ్యాధులు పెరిగితే నిందించడం సరిపోతుందా?

ఇంగ్లండ్‌లో 2023లో 85 వేలకు పైగా గనేరియా కేసులు నమోదయ్యాయి. 1918లో లెక్కలు మొదలయ్యాక ఇదే అత్యధికం. వీటిలో గే, బైసెక్సువల్ పురుషుల వాటా పెద్దది.

విచ్చలవిడితనమే కారణమనడం తేలిక. అసలు సంగతి వేరు. హెచ్‌ఐవీని అడ్డుకునే ప్రెప్ మాత్రలు వచ్చాక ఆ భయం తగ్గింది, కండోమ్ వాడకమూ తగ్గింది. కానీ ప్రెప్ గనేరియానూ, సిఫిలిస్‌నూ ఆపదు. గొంతులో, మలద్వారంలో చేరిన గనేరియా చాలాసార్లు లక్షణాలు చూపదు. తెలియకుండానే మరొకరికి అంటుతుంది. ప్రెప్ వాడేవారు తరచూ పరీక్ష చేయించుకుంటారు కాబట్టి బయటపడే కేసులూ పెరిగాయి. 2025 ఆగస్టులో అక్కడ ముప్పు ఎక్కువున్నవారికి టీకా కూడా మొదలుపెట్టారు.

అక్కడ జబ్బు లెక్కకు వస్తోంది. మన ఇళ్లలో దాగుతోంది. స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినా ఇంటి తీర్పు మారలేదు. బళ్లారిలోనైనా, హోసూరులోనైనా మనవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఎవరైనా చూస్తారేమోనని కుర్రాడు ఆసుపత్రి గడప తొక్కడు. నోరు నొక్కి పెళ్లి చేస్తే ముప్పు కోడలి దాకా వస్తుంది.

ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఈ పరీక్షలు, మందులు ఉచితం. 1097కు ఫోన్ చేసి వివరాలు అడగవచ్చు. పరువు సంగతి తర్వాత చూద్దాం. ముందు బిడ్డను పరీక్షకు వెళ్లనిద్దాం.