ఓడ ఎవరిది? సువార్త ఎవరిది?



మన గ్రామాల నుండి ఎందరో బిడ్డలు పోటీ పరీక్షల కొరకు హైదరాబాదు చేరి, అశోక్ నగర్, చిక్కడపల్లిలో ఇరుకు గదుల్లో ఉంటూ, గ్రంథాలయంలో చదువుకొనుచున్నారు. ఆదివారం నారాయణగూడ వైపు ఆరాధనకు వెళ్ళేవారూ ఉన్నారు. ఐరోపావారి రాకను గూర్చిన పాఠం చదివినప్పుడు, "మీ మతం తెల్లదొరలతో వచ్చినదే కదా?" అని తోటివారు అడుగుదురు. పల్లెలో మనకూ ఈ ప్రశ్న కొత్త కాదు. కోపపడక, తల దించుకొనక, ఉన్నది ఉన్నట్టు తెలిసికొందాం.

వాస్కో డ గామా 1498లో మిరియాల బేరానికి వచ్చినప్పటికే కేరళలో శతాబ్దాలుగా క్రైస్తవులున్నారు. ఇది మొదటి సంగతి.

మచిలీపట్నానికి డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వచ్చింది గోల్కొండ రాజ్యపు నూలు బట్టల కొరకు, సువార్త కొరకు కాదు. కరువు కాలంలో ఈ తీరపు బీదలను డచ్చి ఓడల్లో బానిసలుగా తరలించారు. క్రీస్తు పేరు పెట్టుకొన్నవారే ఆ పాపం చేశారు. దీనిని మనం దాచరాదు.

అదే ఐరోపాలో మరొక తలంపు కూడ పుట్టింది. దేవుని వాక్యం సామాన్యుని ఇంటి భాషలో ఉండాలని మార్టిన్ లూథర్ 1522లో క్రొత్త నిబంధనను జర్మను భాషలో వెలువరించాడు. ఆ తలంపుతోనే 1706లో డెన్మార్కు రాజు పంపగా జీగెన్‌బాల్గ్ తరంగంబాడికి వచ్చాడు. అక్కడి డేనిష్ గవర్నరే ఆయనను దాదాపు నాలుగు నెలలు చెరలో ఉంచాడు! ఆయన తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి బైబిలును తర్జుమా చేశాడు. అది అచ్చు కాలేదు. అయినను 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో ఆయన చిన్న తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు.

ఈస్టిండియా కంపెనీకి లాభమే ముఖ్యం. మతబోధ వలన అలజడి పుట్టి వ్యాపారం చెడునని దాని భయం. అందుచేతనే విలియం కేరీ 1800లో డేనిష్‌వారి శ్రీరాంపూరులో స్థిరపడ్డాడు. మిషనరీల రాకకు పార్లమెంటు చట్టం దారి తెరచింది 1813లోనే. అంతకుముందే, 1805లో, క్రాన్, డెగ్రాంజెస్ అనువారు విశాఖపట్నం చేరారు. వారి తెలుగు తర్జుమాకు ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి చేయూతనిచ్చాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. 1818 నాటికి తెలుగు క్రొత్త నిబంధన అచ్చులో వచ్చింది.

ఓడ వర్తకునిది, అధికారం దొరది. సువార్త ఆ ఇద్దరిదీ కాదు. ఓడ ఎక్కి వచ్చిన బోధకులను ఆ అధికారమే అడ్డగించింది. కైసరుది కైసరుకు, దేవునిది దేవునికి చెల్లించమని ప్రభువు ఈ రెంటినీ ఎప్పుడో వేరుచేశాడు (మత్తయి 22:21).

తల్లిదండ్రులారా, పట్నంలో చదువుకొను బిడ్డతో ఈసారి మాట్లాడునప్పుడు, భోజనం చేశావా అని అడిగిన తరువాత ఈ సంగతి కూడ చెప్పండి. మంచిని చెప్పి చెడును దాచు జవాబు నిలువదు. విన్నదానిని లేఖనములతో పరిశోధించిన బెరయవారివలె (అపొ. 17:11) చరిత్రను కూడ పరిశోధించమనండి. నేటి రాత్రి కుటుంబ ప్రార్థనలో తెలుగు బైబిలు తెరచునప్పుడు, దానికొరకు ప్రయాసపడినవారిని తలంచి దేవుని స్తుతించుదము. ఆమేన్.