అది మిరప ఘాటు కాదు!

మా జగ్గయ్యపేట వైపు మిరప కల్లాల రోజులొచ్చాయంటే ఇంటింటా దగ్గే. అందుకే పోయిన ఫిబ్రవరిలో మా రాజుగాడు దగ్గితే ఎవరం పట్టించుకోలేదు. వాడు మూడు నెలల కుక్కపిల్ల. "ఘాటు తగిలుంటుందిలే" అన్నాన్నేను. "గొంతులో ఎముక ఇరుక్కుందేమో చూడరా" అంది అమ్మ. చూశాను, ఏమీ లేదు.

నాలుగో రోజుకి కళ్లనిండా పుసులు, ముక్కులోంచి చిక్కటి చీమిడి. అన్నం ముట్టలేదు. బండిమీద పెట్టుకుని నందిగామలో తెలిసిన పశువుల డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను.

"టీకాలు వేయించారా?" అనడిగారాయన. నేను తల దించుకున్నాను.

అది డిస్టెంపర్. మనకొచ్చే తట్టు వైరస్‌కి దగ్గరి చుట్టం. దగ్గు తుంపరలతో అంటుకుని ఊపిరితిత్తులకీ, పేగులకీ, చివరికి మెదడుకీ పాకుతుంది. ఆ వైరస్‌ని నేరుగా చంపే మందు ఇప్పటికీ లేదు. సెలైన్లూ, యాంటీబయాటిక్సూ కుక్కకి ఓపిక నిలబెట్టడానికే. పదో రోజున ఫిట్స్ వచ్చాయి. రాజుగాడు మాకు దక్కలేదు.

ఆ తర్వాత ఈ జబ్బు గురించి చదువుతుంటే ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. దీనికి కారణం వైరసని 1905లోనే ఫ్రాన్సులో హెన్రీ కారే చెప్పాడు. 1920లలో ఇంగ్లండులో 'ది ఫీల్డ్' పత్రిక చందాలు పోగుచేసి పరిశోధనకిచ్చింది. ఆ డబ్బుతో లెయిడ్లా, డంకిన్ అనే ఇద్దరు టీకా తయారుచేశారు. వాళ్లు ప్రయోగాలు చేసింది ఫెర్రెట్ల మీద. ఫెర్రెట్ అంటే ముంగిసలా ఉండే చిన్న జంతువు. 1933లో లెయిడ్లా బృందం ఆ ఫెర్రెట్లలోనే మనుషుల ఫ్లూ వైరస్‌నీ పట్టుకుంది. కుక్కల కోసం పాఠకులిచ్చిన చందా మనకూ పనికొచ్చిందన్నమాట!

కుక్క దగ్గిన ప్రతిసారీ డిస్టెంపరే అనుకోనక్కర్లేదు. ఎముక ఇరుక్కున్నట్టు ఖంగుఖంగుమనే 'కెన్నెల్ కాఫ్' చాలావరకు రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. ఏ దగ్గో తేల్చాల్సింది మాత్రం డాక్టరే, మనం కాదు.

టీకా 6-8 వారాల వయసులో మొదలుపెట్టాలి. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఆ టీకాని పనిచేయనివ్వకపోవచ్చు. అందుకని 16 వారాలు నిండేదాకా, డాక్టరు చెప్పిన తేదీలకి మళ్లీ మళ్లీ వేయించాలి. ఒక్కటి వేయించి ఊరుకుంటే చాలదు.

ఇప్పుడు మా ఇంట్లో ఇంకో పిల్ల తిరుగుతోంది. ఈసారి అమ్మ క్యాలెండర్లో పాల లెక్క పక్కనే టీకా తేదీలు రాసిపెట్టింది. మీ ఇంట్లో కూనకి వేయించారా మరి?