దాచిన సాక్ష్యానికి బాధ్యులెవరు?

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌కు చెందిన జాన్ థాంప్సన్ 18 ఏళ్లు జైల్లో మగ్గాడు. అందులో 14 ఏళ్లు మరణశిక్ష ఖైదీగా గడిచాయి. 1985లో అతనిపై దోపిడీ యత్నం, హత్య కేసులు నడిచాయి. ప్రాసిక్యూటర్లు దోపిడీ కేసును ముందుకు జరిపారు. అందులో శిక్ష పడటంతో హత్య కేసులో అతను బోనెక్కి తన మాట చెప్పుకోలేకపోయాడు. ఎక్కి ఉంటే ఆ శిక్ష సంగతి జ్యూరీ ముందుకు వచ్చేది. అయితే దోపిడీ కేసు బాధితుల్లో ఒకరి ప్యాంటుకు అంటిన దుండగుడి రక్తం బి గ్రూపు అని ల్యాబ్ నివేదిక విచారణకు ముందే ప్రాసిక్యూటర్ల కార్యాలయానికి అందింది. థాంప్సన్‌ది ఓ గ్రూపు. ఆ కాగితం డిఫెన్సు లాయర్లకు చేరలేదు.

శిక్ష అమలుకు నెల రోజుల ముందు, 1999లో, డిఫెన్సు పరిశోధకుడి కంట అది పడింది. 2003లో హత్య కేసును తిరిగి విచారించిన జ్యూరీ 35 నిమిషాల్లో అతణ్ని నిర్దోషిగా తేల్చింది. సాక్ష్యం దాచిన ప్రాసిక్యూటర్లలో ఒకరు 1994లోనే, క్యాన్సర్‌తో చివరి దశలో ఉండగా, తోటి లాయరుతో ఆ నిజం ఒప్పుకున్నారు. ఆ లాయరు ఐదేళ్లు నోరు విప్పలేదు. ఆ ఐదేళ్లూ థాంప్సన్ చావు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ప్రాసిక్యూటర్ల కార్యాలయంపై అతను వేసిన దావాలో జ్యూరీ ఇప్పించిన కోటీ 40 లక్షల డాలర్ల పరిహారాన్ని 2011లో సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. ఒక్క ఉల్లంఘనతో కార్యాలయం తన లాయర్లకు తగిన శిక్షణ ఇవ్వలేదని రుజువు కాదంది. మరి ప్రాసిక్యూటర్లనే నేరుగా నిలదీయవచ్చు కదా? కుదరదు. కోర్టులో కేసు నడిపే పనికి సంబంధించి వారిపై నష్టపరిహార దావా వేయరాదని 1976లో ఇంబ్లర్ కేసులో అదే కోర్టు తేల్చింది. శిక్ష పడ్డ ప్రతివాడూ దావా వేస్తే ఎవరూ ధైర్యంగా పనిచేయలేరన్న వాదనలో బలం ఉంది. తప్పు చేసిన వారిపై క్రిమినల్ చట్టం, బార్ క్రమశిక్షణ ఉన్నాయని కూడా కోర్టు భరోసా ఇచ్చింది.

ఆ భరోసా విలువ ఎంతో టెక్సస్‌లో తేలింది. భార్యను చంపాడన్న నేరానికి మైకేల్ మోర్టన్ దాదాపు 25 ఏళ్లు జైల్లో గడిపాడు. దాడి జరిగినప్పుడు నాన్న ఇంట్లో లేడని మూడేళ్ల కొడుకు చెప్పిన మాటలు డిఫెన్సుకు అందలేదు. ఆ కేసు నడిపి, తర్వాత జడ్జి అయిన కెన్ ఆండర్సన్‌కు 2013లో పడిన శిక్ష పది రోజుల జైలు, లైసెన్సు వదులుకోవడం.

నిజాయతీగా చేసిన పొరపాటుకు రక్షణ ఉండాల్సిందే. తెలిసి దాచినవారికి ఎందుకు? మన దేశంలోనూ ఈ ప్రశ్న అలాగే మిగిలింది. దురుద్దేశపు ప్రాసిక్యూషన్‌కు బలైనవారికి పరిహారం ఇచ్చేందుకు ప్రత్యేక కోర్టులు పెట్టాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫార్సు చేసింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దానికి చోటు దక్కలేదు. పార్లమెంటు ఆ సిఫార్సును చట్టంలో చేర్చాలి.