తవుడు సంచిలో విటమిన్

కైకలూరు దాటి ఆకివీడు వైపు పోతుంటే రోడ్డుకు అటూ ఇటూ చెరువులే. పొద్దున్నే పడవ మీద వచ్చిన కూలీ చిల్లుల సంచిలో తవుడూ చెక్కా నింపి వెదురు కర్రకు కడతాడు. కాసేపటికి శీలావతులూ బొచ్చెలూ వచ్చి సంచిని మూతులతో పొడుస్తుంటే కర్ర ఊగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు ఆ సంచిలోకి విటమిన్ పొడి కూడా వచ్చి చేరింది. పక్క చేల నుంచి వచ్చే పురుగుమందు దెబ్బకు విరుగుడట. మాట పూర్తిగా అబద్ధం కాదు. క్లోరోపైరిఫాస్, సైపర్‌మెత్రిన్ లాంటివి నీళ్లలో కలిస్తే చేప నరాలను దెబ్బతీయడంతో ఊరుకోవు, కాలేయంలో, మొప్పల్లో కణాల పొరలను కూడా పాడుచేస్తాయి. ఆ పొరల్లోని కొవ్వుకు కాపలా విటమిన్ ఇ. కాపలాలో అలిసిపోయిన ఇ ని మళ్లీ నిలబెట్టేది విటమిన్ సి. చాలా రకాల చేపలు మనలాగే సి ని సొంతంగా తయారుచేసుకోలేవు, మేతలో అందాల్సిందే. తొట్లలో చేసిన ప్రయోగాల్లో ఈ రెండూ తిన్న చేపలు కొద్దిపాటి విషాన్ని మెరుగ్గానే తట్టుకున్నాయి.

తొట్టి వేరు, చెరువు వేరు. మామూలు విటమిన్ సి గాలికీ వేడికీ నిలవదు, నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. చిల్లుల సంచిలో వేలాడదీస్తే చేప కంటే ముందు చెరువే తాగేస్తుంది. నిలవుండే ఫాస్ఫేట్ రకం ఉంది కానీ ఖరీదు ఎక్కువ. ఇక మనం వేసేది నూనె తీసిన తవుడాయె, ఆ నూనెతోపాటే ఇ విటమినూ చాలావరకు మిల్లులోనే పోయింది.

నాకు అసలు మింగుడుపడనిది ఇంకొకటి. విషం పక్కవాడి వరి చేలోంచే రానక్కర్లేదు. చేపకు పేను పట్టిందని సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ మన చేత్తోనే చెరువులో పోస్తున్నాం. పేనును చంపే ఆ మందు చేపకూ విషమే. ఒకే కొట్లో పేనుమందూ, దానికి విరుగుడు విటమినూ కొనుక్కొస్తున్నాం. కొట్టువాడికి మాత్రం రెండూ లాభమే.

విటమిన్ వద్దనను. కానీ మోతాదు మించిన విషం పడితే గంటల్లో చేప తేలిపోతుంది, అప్పుడు ఏ పొడీ అక్కరకు రాదు. అందుకే, సార్వా చేలకు మందు కొట్టే అన్నదమ్ములారా, ముందురోజే పక్క చెరువు వాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. వాళ్లు తూము మూసుకుంటారు.