కిటికీలో కూర్చున్న చిన్నవాడు

(ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 20:7–12)



ఈ నెల మన ధ్యానభాగము అందరికి తెలిసినదే. త్రోయ పట్టణములో ఆదివారమున సంఘము రొట్టె విరుచుటకు మేడగదిలో కూడుకొనెను. మరునాడు ప్రయాణము కావలసిన పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగించెను. ఐతుకు అను యౌవనస్థుడు కిటికీలో కూర్చుండి, నిద్ర ఆపుకొనలేక మూడవ అంతస్తునుండి క్రింద పడెను.

ఈ భాగముమీద మాటలాడువారు సాధారణముగా "ప్రార్థనలో నిద్రపోకూడదు" అని పిల్లలను హెచ్చరించి ముగించెదరు. అయితే లూకా ఆ బిడ్డను నిందించినట్లు ఎక్కడను లేదు. పౌలును గద్దించలేదు. ఇంకొక సంగతి గమనించుడి. తొమ్మిదవ వచనములో లూకా అతనిని యౌవనస్థుడని పిలిచెను. పండ్రెండవ వచనములో చిన్నవాడనెను. ఒక్కడే, రెండు పేర్లు! 13 మొదలు 19 సంవత్సరముల వరకు మన బిడ్డల స్థితి ఇదే కదా. పొలము పని ఉన్ననాడు "ఇంత పెద్దోడివైనావు, ఆ మాత్రం చేయలేవా?" అని అడుగుదుము. ఇంటి విషయములో నోరు తెరచిననాడు "నీకేం తెలుసు, చిన్నపిల్లోడివి, ఊరకుండు" అందుము. వాడు పెద్దవాడో చిన్నవాడో మనకే తెలియనప్పుడు వానికెట్లు తెలియును?

కిటికీలో కూర్చున్నవాడు లోపలను లేడు, బయటను లేడు. మన గ్రామ సంఘములలో ఆదివారమున చూడుడి. చిన్నపిల్లలు ముందు చాపమీద ఉందురు. పెద్దలు వారి వారి స్థలములలో ఉందురు. ఈ వయస్సు మగపిల్లలు మాత్రము వాకిలి దగ్గరనో, వేపచెట్టు క్రింద బైకుల మీదనో ఉందురు. వారు రాలేదని అనలేము, వచ్చిరనియు అనలేము.

ఐతుకు మన దగ్గర ఎప్పుడు పడుచున్నాడు?

కాపరులముగా మేము చూచుచున్నది చెప్పెదము. జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపట్ల గ్రామములలో పిల్లలు పదవ తరగతి వరకు ఆదివారపు బడికి వచ్చెదరు. కంఠత వాక్యములు చెప్పెదరు, క్రిస్మస్ నాటికలో యోసేపు, మరియ, గొల్లల వేషములు వేసెదరు. మార్చిలో పరీక్షలు ముగియును. వేసవి దాటగానే ఒకడు ప్రొద్దుటూరులోనో కడపలోనో ఇంటర్‌లో చేరి హాస్టలుకు పోవును. ఒకడు కడప బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనికి కుదురును. మరియొకడు తండ్రితో చీనీ తోటలో నిలిచిపోవును. తరువాతి క్రిస్మస్‌కు వారు సంఘములో చుట్టములవలె కనబడుదురు.

పట్టణమునకు పోయిన బిడ్డను అక్కడి సంఘము చూచుకొనునని గ్రామ కాపరి తలంచును. అట్టి బిడ్డ ఒకడు వచ్చియున్నాడని పట్టణ సంఘమునకు తెలియనే తెలియదు. రెండు సంఘముల నడుమ బిడ్డ జారిపోవుచున్నాడు. మన యౌవనస్థులలో అనేకులు పాపములో పడకమునుపే ఈ సందులో పడుచున్నారు.

మన పితరులు ఈ సంగతి ఎరుగుదురు. 1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని ఆరంభించినది మొదలు, మన ప్రాంతమున సువార్తతోపాటు బడియు నడచెను. చదువుకొను పిల్లలకు మిషను బోర్డింగులు ఉండెను. ఊరు విడిచిన బిడ్డ వార్డెను చేతిలో పడును. ప్రార్థన, చదువు, భోజనము ఒక్క ఆవరణములో జరుగును. ఆ కాలము చాలవరకు గడచిపోయెను. ఇప్పుడు పిల్లలు ఎక్కువగా ప్రైవేటు కళాశాలల హాస్టళ్లలో ఉన్నారు. అక్కడ ఆదివారమున కూడ పరీక్షలు పెట్టుట కలదు. బోర్డింగు పోయినను అది చేసిన పని పోరాదు. ఆ పనిని ఇప్పుడు సంఘములే చేయవలెను.

ఇందుకు నాలుగు సంగతులు మీ యెదుట ఉంచుచున్నాము.

1. పేరుపెట్టి పిలుచువారు ఒకరుండవలెను

ఎన్నికల ఊరేగింపునకు పిల్లలు కావలసినప్పుడు, జెండా పట్టువారు వానిని పేరుపెట్టి పిలుతురు. పెట్రోలు పోయించెదరు, బిర్యాని పెట్టెదరు, భుజముమీద చెయ్యి వేసెదరు. మన ప్రాంతపు ముఠా కక్షలలో ఎందరు తల్లులు బిడ్డలను పోగొట్టుకొనిరో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ బిడ్డలు పగతో పుట్టినవారు కారు. తమను లెక్కచేసినవాని వెంట పోయినవారు. సంఘములో వాని పేరు ఎరిగినవారెందరు?

కువైట్‌లో పనిచేయు తల్లుల పిల్లలను ప్రత్యేకముగా జ్ఞాపకము చేసికొనుడి. డబ్బు వచ్చును, ఫోను వచ్చును, ఇంట అవ్వ మాత్రమే ఉండును. తిమోతికి కూడ విశ్వాసము మొదట అవ్వయైన లోయినుండి, తల్లియైన యునీకేనుండి వచ్చినదని పౌలు వ్రాసెను (2 తిమోతి 1:5). మన తెలుగు బైబిలులోను అక్కడ ఉన్నది మనము ఇంట పిలుచు "అవ్వ" అను మాటయే. అవ్వ ప్రార్థన తక్కువది కాదు. అయితే అవ్వకు ఫోనులో ఏమి జరుగుచున్నదో తెలియదు. అందుచేత తిమోతికి పౌలు ఉన్నట్లు, ఆ బిడ్డకు సంఘములో ఒక అన్న, ఒక అక్క ఉండవలెను. యాబైమంది పిల్లలకు ఒక నాయకుడు చాలడు. ఒకరికి నలుగురైదుగురు పిల్లలే అయిన, పేర్లు, పరీక్షలు, ఇంటి కష్టములు అన్నియు తెలియును.

2. చేతికి నిజమైన పని ఇయ్యవలెను

1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్ పట్టణములో ఫ్రాన్సిస్ క్లార్క్ అను కాపరి తన ఇంట సంఘ యౌవనస్థులను కూర్చి క్రిస్టియన్ ఎండెవర్ సమాజమును ఆరంభించెను. పిల్లలు ప్రభువును నమ్ముకొనిరి గాని, ఆ తరువాత వారికి సంఘములో చేయుటకు ఏమియు లేదని ఆయన కనిపెట్టెను. ప్రతి సభ్యుడు ప్రతి కూటములో ఏదో ఒక భాగము తీసికొనవలెనని నియమించెను. తరగతివలె కూర్చుండి వినుట కాదు, ప్రతివానికి బాధ్యత. ఆ సమాజము అనేక దేశములకు వ్యాపించెను.

మనము ఇచ్చు పనులేవి? కుర్చీలు వేయుము, మైకు పట్టుము అందుము. ఆడపిల్లలకు చీపురును, పాటల పుస్తకమును. ఇవి మంచివే, అయితే అంతటితో ఆగరాదు. ఒక ఆదివారము వాక్యము చదువనియ్యుడి. చదువురాని పెద్దల బ్యాంకు కాగితములు, పింఛను కాగితములు నింపు పని వారికి అప్పగించుడి. ఆసుపత్రిలో ఉన్న విశ్వాసిని చూచుటకు వెళ్లునప్పుడు ఒకరిద్దరిని వెంట తీసికొనిపోవుడి. యౌవనస్థుల కానుక లెక్క వారినే వ్రాయనియ్యుడి. పెద్ద ఒకరు సరిచూచిన చాలును. తప్పు జరిగిన, సరిదిద్దుట కూడ శిక్షణయే.

3. పడినచోటికి దిగవలెను

పౌలు మేడమీదనుండి సలహా చెప్పలేదు. క్రిందికి దిగెను, కౌగిలించుకొనెను, తొందరపడవద్దని జనులతో చెప్పెను. పిల్లవాడు పడినప్పుడు ఊరంతయు తొందరపడును. అప్పుడు కాపరి మాట అందరిని నిమ్మళింపజేయవలెను.

ప్రొద్దుటూరు అనగానే ప్రత్తి, బంగారము జ్ఞాపకము వచ్చును. క్రికెట్ పందెముల కేసులు కూడ పత్రికలలో కనబడుచుండును. మన రాష్ట్రము 2020లో ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించెను; 2025లో పార్లమెంటు దేశమంతటికి డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టము చేసెను. చట్టము ఉన్నను ఫోనులో దారి వెదకువారుందురు. అప్పుపడిన పిల్లవాడు ఇంట చెప్పుకొనలేడు. "నీవు ఎంత పోగొట్టినను మొదట మా దగ్గరకు రా" అని ముందుగానే చెప్పియుంచుడి.

ఇంటర్ ఫలితముల కాలము మరింత జాగ్రత్తగల కాలము. 2023 ఏప్రిల్‌లో ఫలితములు వచ్చిన రెండు దినములలోనే మన రాష్ట్రములో తొమ్మిదిమంది విద్యార్థులు ప్రాణము తీసికొనిరని పత్రికలు వ్రాసెను. ఫలితములు వచ్చు దినమున కాపరియు పెద్దలును ఇంటర్ చదువు పిల్లలుండు ప్రతి ఇంటికి వెళ్లవలెను. మార్కులు అడుగుటకు కాదు, కూర్చుండి కాఫీ త్రాగి వచ్చుటకే. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. బిడ్డ మాటలు, మౌనము భయపెట్టిన యెడల వానిని ఒంటరిగా విడువకుడి. 14416 అను టెలి మానస్ నంబరుకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు. ప్రార్థించుడి, వైద్యుని కూడ చూపించుడి. వైద్యుని దగ్గరకు పోవుట అవిశ్వాసము కాదు.

ఆడపిల్లను పది తప్పినదని పెండ్లికి తొందరపెట్టవద్దు. 18 సంవత్సరములు నిండని బాలికకు పెండ్లి చేయుట 2006 చట్టము ప్రకారము నేరము. జరిపించు కాపరియు శిక్షకు పాత్రుడే.

యౌవనస్థుల పరిచర్య చేయువారికి ఒక మాట. 18 లోపు వారందరు చట్టము దృష్టిలో పిల్లలే. ఏ పిల్లవానితోనైనను, పిల్లతోనైనను మూసిన గదిలో ఒంటరిగా మాటలాడకుడి. నలుగురు చూచుచోట కూర్చుండుడి. ప్రయాణములకు తలిదండ్రుల అనుమతి వ్రాతలో తీసికొనుడి. బిడ్డ తనకు జరిగిన దుర్మార్గము చెప్పిన యెడల, 2012 పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపుట తప్పనిసరి. 1098 నంబరుకు కూడ తెలుపవచ్చును. సంఘము పరువని దాచుట నేరము, దేవుని యెదుట పాపము.

4. అప్పగింత జరుగవలెను

పెండ్లిలో ఆడబిడ్డను ఎంత జాగ్రత్తగా అప్పగింతుము! చేతిలో చెయ్యి పెట్టి, కన్నీళ్లతో, పేరుపేరున చెప్పి అప్పగింతుము. పదిహేనేండ్ల బిడ్డను హాస్టలుకు పంపునప్పుడు ట్రంకుపెట్టె, ఊరగాయ జాడీ ఇచ్చి బస్సెక్కింతుము. అప్పగింత ఏది?

ఫీబేను గూర్చి పౌలు రోమా సంఘమునకు వ్రాసి, ఆమెను చేర్చుకొని సహాయము చేయుడని కోరెను (రోమా 16:1–2). తిమోతికి లుస్త్రలోను ఈకొనియలోను మంచి పేరుండెనని చదువుచున్నాము (అపొ. 16:2). రెండు ఊళ్ల సహోదరులు వానిని ఎరుగుదురు! జమ్మలమడుగు దగ్గరి పల్లె బిడ్డను ప్రొద్దుటూరు సహోదరులు ఎరుగునట్లు చేయుట మన పని.

కావున ప్రతి సంఘము పదవ తరగతి ఫలితములు వచ్చిన తరువాతి ఒక ఆదివారమును అప్పగింత ఆదివారముగా పెట్టుకొనవలెనని మేము మనవి చేయుచున్నాము. ఊరు విడుచు బిడ్డలను ముందుకు పిలిచి ప్రార్థించుడి. కాపరి ఒక ఉత్తరము వ్రాయవలెను: బిడ్డ పేరు, తలిదండ్రుల ఫోను నంబరు, కళాశాల, హాస్టలు, సంఘములో చేసిన పని. ఆ ఉత్తరము బిడ్డ చేతికిచ్చి ఊరకుండక, పట్టణ కాపరికి తానే ఫోను చేయవలెను. కూలికి, పనికి పోవు బిడ్డలను మరువవద్దు. వారిని అదే ఊరి పెద్ద ఒకరికి అప్పగించుడి.

పట్టణ సంఘములు ఆ ఉత్తరములను బీరువాలో దాచరాదు. ఒక్కొక్క బిడ్డకు ఒక కుటుంబమును ఏర్పరచుడి. నెలకొకసారి ఆ ఇంట సంగటియో అన్నమో పెట్టిన చాలును. హాస్టలు బయటికి పంపనియెడల, తలిదండ్రుల అనుమతితో చూడవచ్చు వేళకు ఆ కుటుంబమే వెళ్లి పలుకరించవలెను. "మీ ఊరి అయ్యగారు నిన్ను అడిగినారు" అను ఒక్క మాట ఆ వయస్సు బిడ్డకు ఎంత బలమో!

త్రోయ సంఘము తెల్లవారినప్పుడు బ్రదికిన చిన్నవానిని తీసికొని వచ్చి బహుగా ఆదరణ పొందెను. ఆ రాత్రి ప్రసంగములో పౌలు ఏమి చెప్పెనో లూకా వ్రాయలేదు. ఆ బిడ్డ పేరు మాత్రము వ్రాసెను. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, వాకిలి దగ్గర నిలిచిన పిల్లలలో ఒకని దగ్గరకు వెళ్లి, పేరు అడిగి, ఈ సంవత్సరము ఎక్కడ చేరుచున్నాడో కనుగొనుడి.

మీ బిడ్డలందరిని ప్రభువు తన కాపుదలలో ఉంచునుగాక. ఆమేన్.